పడుకోబెట్టండి, లేపకండి

గద్వాలలో రైలు దిగేసరికి సన్నగా వాన పడుతోంది. స్టేషన్ బయట తెల్ల బొలెరో. దాని పక్కన డ్రైవర్, తలకు తువ్వాలు చుట్టుకొని నిలబడి ఉన్నాడు. నా ఇనుప ట్రంకు చూసి నవ్వాడు.

"ఏంది సార్, గింత పెట్టె? యుద్ధానికి పోతున్నమా?"

ట్రంకులో రెండు జతల బట్టలు, రెయిన్ కోటు, టార్చి, దోమతెర, స్టెతస్కోపు, బీపీ చూసే పరికరం. సైన్యంలో పోస్టింగు మారిన ప్రతిసారీ మోసింది ఇదే పెట్టె. బండి వెనక ఎక్కించాను. డ్రైవర్‌ది రాయచూరు దిక్కు ఊరు. ఏం చెప్పినా, సరే అన్నట్టు, కన్నడంలో "ఆయ్తు సార్" అనేవాడు. ఈ డ్యూటీ మొత్తంలో నాకు అబద్ధం చెప్పని కొద్దిమందిలో అతనొకడు.

నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌ని. అంటే ఏమిటో మా వాడకట్టులో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తుపాకీ పట్టలేదా అని అడుగుతారు. పట్టాను. కానీ నా అసలు పని వేరు. డాక్టర్ లేని చోట డాక్టర్ చెప్పినట్టు చేసి, మనిషిని ప్రాణాలతో కిందికి పంపడం. మంచుకొండల మీద ఒక పోస్టులో, హెలికాప్టర్ ఎగరలేని వాతావరణంలో, ఒక హవల్దారుకు జ్వరానికి ఇచ్చిన ఇంజక్షన్ పడలేదు. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదవులు ఉబ్బాయి. గొంతులోంచి పిల్లికూతలు. రేడియోలో డాక్టర్ పెద్దగా మాట్లాడలేదు. "అడ్రినలిన్. తొడకు. ఇప్పుడే." ఇచ్చాను. మరునాడు పొద్దున ఆ హవల్దారు నా పక్కన కూర్చొని టీ తాగాడు. చావుకూ టీకీ మధ్య ఉన్నది ఆ మందున్న చిన్న గాజు ఆంపుల్ ఒక్కటే. దాన్ని నేను మర్చిపోలేదు.

అందుకే, రిటైరై వనపర్తిలో ఇంటిపట్టున ఉన్న నాకు ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ఫోన్ వచ్చినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. పని ఇది. ఒంటికి పడనిది ఏదైనా తగిలినప్పుడు, అంటే తేనెటీగ కుట్టినా, మందు వికటించినా, తిన్నది పడకపోయినా, ప్రాణం మీదికి వచ్చే అలర్జీని మామూలు జనం గుర్తుపట్టాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఏం చేయాలో వాళ్లకు నేర్పాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఊరూరా తిరగాలి. మంచి పని. ఆ మాట ముందే రాసి పెడుతున్నాను. ఎందుకంటే ఇకమీద రాసేది చదివితే ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

గద్వాలలో లాడ్జి గదిలో బ్రీఫింగ్. ప్రోగ్రాం మేనేజర్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. కుర్రవాడేమీ కాదు, నెరిసిన గడ్డం, మంచి బూట్లు. మంచం మీద కిట్ పరిచాడు. మెడ వెనక సంస్థ బొమ్మ ఉన్న టీషర్టులు. బ్యానర్. బిస్కెట్ ప్యాకెట్ల డబ్బా. ఇంకో సంచి నిండా ప్లాస్టిక్ పెన్నులు. విదేశాల్లో అలర్జీ ఉన్నవాళ్లు జేబులో పెట్టుకు తిరిగే ఇంజక్షన్ పెన్నుకు అవి నమూనాలు. అసలుదాన్ని తొడకు గట్టిగా ఒత్తితే సూది దిగి మందు ఎక్కుతుంది. వీటిలో సూదీ లేదు, మందూ లేదు.

"అసలు పెన్ను ఈ మూడు జిల్లాల్లో ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాను.

"దొరకదు. తెప్పించుకోవాలి. అందరికీ సాధ్యం కాదనుకోండి."

"మరి ఎందుకు నేర్పడం?"

"అవేర్‌నెస్ మన పని సార్. అవైలబిలిటీ మన స్కోప్‌లో లేదు." అలా అని నవ్వాడు. "ఒకటే రిక్వెస్ట్. ప్రతి ఫొటోలో పెన్ను కనపడాలి. నిధులిచ్చేవాళ్లు అదే చూస్తారు."

సైన్యంలో చెత్త ఆర్డర్లు చాలా చూశాను. తూటాలు లేని తుపాకీతో గస్తీ తిరగమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొదటి శిబిరం ధరూర్ మండలంలో ఒక ఊరు. కృష్ణ ఒడ్డు వైపు. నల్లరేగడి, మోకాలెత్తు పత్తి. రాత్రి వానకు బాటంతా బురద, పొద్దున మళ్లీ ఎండ. పత్తిలో కలుపు తీసే ఆడవాళ్లను పని మాన్పించి తెచ్చారు. రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టారు. ప్రారంభించడానికి నాయకుడు రావాలన్నారు. ఆయన రాలేదు. ఎండ రేకుల్లోంచి దిగింది. బిస్కెట్లు పంచారు గానీ నీళ్లు తేవడం మరిచారు. చివరికి నాయకుడి అనుచరుడొకడు వచ్చి రిబ్బన్ కత్తిరించి, మేనేజర్ భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగి వెళ్లిపోయాడు. అప్పుడు నాకు అవకాశం ఇచ్చారు.

పెన్ను చూపించాను. ముందు వరసలో ఒక ముసలామె చెయ్యెత్తింది.

"సారూ, గీ పెన్ను యాడ దొరుకుతది?"

"ఇక్కడ దొరకదమ్మా."

"గద్వాలల?"

"అక్కడా దొరకదు."

"మరి మాకెందుకు చూపిస్తున్నవ్? ఊరిచ్చనీకా?"

ఆడవాళ్లంతా నవ్వారు. మేనేజర్ కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు.

ఆ సాయంత్రం పెన్నుల సంచి మూతి కట్టి బండిలో సీటు కిందికి తోశాను. తర్వాతి శిబిరం నుంచి నాకు తెలిసిందే చెప్పాను. ఒంటి మీద దద్దుర్లు లేస్తే అది దురద మాత్రమే కావచ్చు. కానీ దాంతోపాటు ఊపిరి ఆడకపోయినా, గొంతు బిగిసినా, నాలుక ఉబ్బినా, వాంతులైనా, కళ్లు తిరిగి కూలబడినా అది ప్రాణం మీదికి వచ్చినట్టే. ఒక్కోసారి దద్దుర్లు కనిపించకపోవచ్చు కూడా. నీళ్లు పోయకండి. ఉల్లిగడ్డ వాసన చూపించకండి. సున్నం రాస్తూ కూర్చోకండి. మనిషిని పడుకోబెట్టండి, లేపకండి. కాళ్ల కింద ఏదైనా పెట్టి ఎత్తుగా ఉంచండి. బాగున్నానన్నా నడిపించకండి. లేచి నిలబడ్డ క్షణంలో గుండె ఆగినవాళ్లున్నారు. వాంతి చేసుకుంటే పక్కకు తిప్పండి. ఊపిరి మరీ ఆడకపోతే కాళ్లు చాపి కూర్చోబెట్టవచ్చు. నూటెనిమిదికి ఫోన్ చేయండి. ఎవరి దగ్గరికి తీసుకుపోయినా, లోపలికి అడుగు పెడుతూనే అడగండి: అడ్రినలిన్ ఉందా?

ఆ ఒక్క మాట అందరితో పలికించేవాణ్ని. పెద్దమందడి దగ్గర ఒక ఊరిలో రైతులు, మేస్త్రీలు, అంగన్‌వాడీ ఆయమ్మలు కోరస్‌గా పలికారు. "అడ్రినలిన్ ఉందా?" ఒక పెద్దమనిషి రెండుసార్లు "ఆడ్రి నలిన్" అని విరిచి పలికి, మూడోసారి సరిగా అన్నాడు. ఆ రాత్రి నాకు బాగా నిద్రపట్టి ఉండేది. కానీ ఫోన్ మోగింది.

"సార్, ఫొటోల్లో పెన్ను లేదు," అన్నాడు మేనేజర్.

"లేదు."

"బ్యానర్ కూడా సగం మడత పడింది."

"గాలి వీచింది."

"మీరు సోల్జర్. డిసిప్లిన్ మీకు నేను చెప్పాలా?"

ఫోన్ పెట్టేశాను. పక్కనే ఉన్న డ్రైవర్ లేచి పోయాడు. రెండు టీలు తెచ్చాడు.

తెలకపల్లి మండలంలో ఒక ఊరు. పేరు రాయను. ఎర్రచెలకలు, రాళ్ల దిబ్బలు, మధ్యమధ్య పత్తి. దూరంగా నల్లమల కొండలు నీలంగా కనిపిస్తాయి. అక్కడి ఆశా కార్యకర్త పనిమంతురాలు. నీలం చీర, భుజాన సంచి, చేతిలో ఫోన్. అంగన్‌వాడీ గదిలో మనుషుల్ని తనే పోగుచేసింది.

ఆ గుంపులోనే బాలమణి ఉంది. ఏళ్లపాటు పూణే దిక్కు కట్టడం పనులకు వలసపోయి వచ్చిన మనిషి. గొంతు పెద్దది. ప్రతి మాటకూ అడ్డు తగిలింది.

"మేం పుట్టినకాడికెళ్లి కందిరీగలు కుడుతనే ఉన్నయి. సున్నం రాస్తే పాయె. నువ్వేంది సారూ, పండుకోబెట్టు, కాళ్లెత్తు అంటవ్. పండుకోబెట్టి కాళ్లెత్తితే మనిషి పోయిండనుకుంటరు ఊరోళ్లు."

"అనుకోనియ్ బాలమణమ్మా. పోకుండా ఉంటాడు."

"మిలిటరీ సారు తెలివిగల్లోడే," అని పక్కామెతో అంది. బాలమణికి ఇంకో పక్కన కోడలు స్వరూప కూర్చుంది. పాతికేళ్లుండవు. కూర్చున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. జ్వరంగా ఉందని బాలమణే చెప్పి మధ్యలో ఇంటికి పంపింది.

మరునాడు పొద్దున అదే ఊరిలో మగవాళ్లకు శిబిరం పెట్టుకున్నాం. ఎవరూ ఇంకా రాలేదు. ఆశా ఫోన్ మోగింది. అటునుంచి బాలమణి గొంతు. నాకు దూరం నుంచే వినిపించింది.

"ఆరెంపీ సూదేసిండు. స్వరూప పడిపోయింది. జల్ది రా! సారును తోల్కరా!"

ఆరెంపీ అంటే ఊరి సూది డాక్టరు. ఊరి నడిమధ్య ఒక షట్టర్ గది, లోపల ఒక బల్ల, ఒక బీరువా. మేం పరుగెత్తేసరికి షట్టర్ ముందు ఆటో నిలబడి ఉంది, ఇంజన్ ఆన్‌లోనే. స్వరూప నేల మీద బురదలో వెల్లకిలా పడి ఉంది. ఆమె పాదాలు బాలమణి ఒడిలో ఉన్నాయి. చుట్టూ జనం. కొందరు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు.

జరిగింది తర్వాత తెలిసింది. జ్వరం, ఒళ్లు నొప్పులని స్వరూప సూది వేయించుకుంది. గడప దాటకముందే అరచేతులు దురద పెట్టాయి. మెడ ఎర్రబడింది. వాంతి చేసుకుంది. ఆరెంపీ చూశాడు. ఏం జరుగుతోందో అతనికి అర్థమైంది. అర్థమయ్యే చేశాడు. ఆటోను పిలిచి, ఆమెను రెక్క పట్టి లేపి కూర్చోబెట్టించాడు. "నాగర్‌కర్నూల్ తీస్కపోండ్రి, నా తాన ఉంచొద్దు" అన్నాడు. సీట్లో కూర్చోగానే ఆమె తల వాలిపోయింది. అప్పుడు బాలమణి కోడల్ని ఆటోలోంచి కిందికి లాగి పడుకోబెట్టింది.

"నా దుకాణం ముంగట పీనుగను పండబెట్టినట్టు పండబెడ్తవా?" అని ఆరెంపీ అరుస్తున్నాడు. "ఎత్తుండ్రి. ఎత్తుండ్రి!"

"ఎవడన్నా ముట్టుకున్నరనుకో!" బాలమణి అరిచింది. ముందుకు వాలి, ఒక చేత్తో నీళ్ల చెంబు కోడలి నోటి దాకా చాపుతోంది. ఆశా చెంబు లాక్కుంది.

మోకాళ్ల మీద కూర్చున్నాను. పెదవులు నల్లబడి ఉబ్బాయి. ఊపిరిలో పిల్లికూతలు. ఛాతీ మీద, చేతుల మీద దద్దుర్లు. మణికట్టు దగ్గర నాడి దొరకలేదు. మెడ దగ్గర దొరికింది, దారంలా. మళ్లీ వాంతి వచ్చింది. పక్కకు తిప్పి నోరు శుభ్రం చేశాను. ఆశా నూటెనిమిదికి చెప్పింది. బండి అచ్చంపేట వైపు ఉందట, వస్తుందన్నారు. వెంటనే తెలకపల్లి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్న డాక్టరమ్మకు కలిపి, స్పీకర్ పెట్టి నా చెవి దగ్గర పట్టుకుంది.

"ఎవరు మాట్లాడేది?"

"ఎక్స్ ఆర్మీ నర్సింగ్ అసిస్టెంట్ మేడమ్. సూది తర్వాత రియాక్షన్. దద్దుర్లు, వాంతులు, ఊపిరి ఇబ్బంది. మణికట్టులో నాడి లేదు."

"అడ్రినలిన్ ఉందా అక్కడ?"

తలెత్తి ఆరెంపీని చూశాను. నేను అడిగేలోపే బాలమణి గొంతెత్తి అడిగింది.

"అడ్రినలిన్ ఉందా? చెప్పు, ఉందా లేదా?"

అతని కళ్లు బీరువా వైపు పోయాయి. అంతే చాలు. లోపలికి పోయి అరలు లాగాను. మూడో అరలో, కాలెండర్ల కింద, ఒక ఆంపుల్. అట్టపెట్టె కూడా తెరవలేదు. గడువు ఇంకా ఉంది. అంటే ఆమె కళ్లముందు నల్లబడుతున్నంతసేపూ ఆ మందు అతనికి చేతికందే దూరంలో ఉంది. అది తీస్తే తన సూది వికటించిందని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని తీయలేదు.

"ఉంది మేడమ్. ఒకటి."

"పెద్ద మనిషికి ఇచ్చే డోసు. తొడ బయటి వైపు, కండలోకి, అర ఎంఎల్. ఇవ్వండి."

ఇచ్చాను. చీర మీదనుంచే.

"ఇచ్చాను."

"కొత్త సిరంజి ఇంకొకటి సిద్ధంగా పెట్టుకోండి. ఐదు నిమిషాల్లో తేరుకోకపోతే మిగతా సగం. నేను లైన్లోనే ఉంటా."

ఆ ఐదు నిమిషాలూ ఫోన్లు పట్టుకున్నవాళ్లే మాట్లాడారు. "జర జరుగు, ముఖం కనపడ్తలేదు" అన్నాడొకడు వెనకనుంచి. లేచి వాడి ఫోన్ బురదలో పడేద్దామనిపించింది. నాడి మీద నుంచి చెయ్యి తీయలేకపోయాను. నాడి కాస్త తేరుకుంది. కానీ కూతలు తగ్గలేదు. డాక్టరమ్మకు చెప్పాను. రెండో సగం ఇమ్మంది, ఇచ్చాను. కొద్దిసేపటికి స్వరూప కళ్లు తెరిచింది. పెదవుల నలుపు మెల్లగా వదిలింది. "అత్తా, సలి పెడ్తుంది," అంది. బాలమణి అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, లేవబోయిన కోడల్ని భుజాలు పట్టి నేలకు అదిమింది. "లేవకు! సారు చెప్పిందాక లేవకు!"

అంబులెన్స్ వచ్చింది. ఆక్సిజన్ పెట్టారు. పడుకోబెట్టే ఎక్కించారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టవచ్చు కాబట్టి దవాఖానలో ఉంచాలని డాక్టరమ్మ చెప్పింది. ఫోన్ పెట్టేముందు ఇంకో మాట అంది. "ఏ మందు వేశాడో పేరు కావాలి. పేరు తెలియకపోతే రేపు ఇంకెవరైనా అదే మళ్లీ వేస్తారు."

ఆరెంపీని అడిగాను.

"బలం సూది. బీ కాంప్లెక్స్."

"సీసా చూపించు."

"పారేసిన."

"ఎక్కడ?"

చూపించలేదు. డ్రైవర్ షట్టర్ వెనక్కి పోయి చూసి కేక వేశాడు. వెనక మురుగు కాల్వ పక్కన ఒక గుంత. అందులో వాడిన సిరంజిలు, రక్తం అంటిన దూది, టీ కప్పులు, గుట్కా ప్యాకెట్లు. వాన నీళ్లు నిలిచి అన్నీ కలిసి తేలుతున్నాయి. ఒక పందిపిల్ల అందులో ముట్టె పెట్టి వెతుక్కుంటోంది. ఆ కంపు ఇప్పటికీ ముక్కులో ఉంది. ఆ సిరంజిల్లో కొన్నింటి సూదులు అరిగి మొద్దుబారాయి. ఒకే సూది ఎందరి ఒళ్లలో దిగిందో.

చేతికి రెండు పొరల ప్లాస్టిక్ కవర్లు తొడుక్కొని కర్రతో కెలికాను. గోడ నీడలో చీకటిగా ఉంటే డ్రైవర్ టార్చి పట్టాడు. "ఛీ సార్, ఛీ" అంటూనే పట్టాడు. దొరికాయి. తడి తెల్లపొడి ఇంకా అంచుకు అంటుకొని ఉన్న సీసా, సెఫ్ట్రియాక్సోన్. పగిలిన ఆంపుల్, డైక్లోఫెనాక్. ఒకటి యాంటీబయాటిక్, ఒకటి నొప్పి మందు. రెండూ ఒకదాని వెనక ఒకటి వేశాడు. ఏది పడలేదో చెప్పలేం. ఆశా రెండు పేర్లూ డాక్టరమ్మకు చదివి చెప్పింది. పరీక్ష చేయించి తేల్చేదాకా రెండూ ఆమెకు వేయొద్దని చెప్పారు.

ఆరెంపీ గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. "పానం దక్కింది కదా సార్. ఇంకెందుకు కెలుకుతున్నరు?" అన్నాడు. నేను సీసానూ ఆంపుల్‌నూ కవర్లో చుట్టాను.

డాక్టరమ్మ తన పైవాళ్లకు రాసింది. షట్టర్ కొన్నాళ్లు మూసి ఉంది. మళ్లీ తెరుచుకుంది.

స్వరూప ఇంటికి వచ్చిందని తెలిసిన వారానికి మేనేజర్ ఫోన్ చేశాడు. గొంతులో పండగ.

"సార్, మీరు చేసింది అద్భుతం! ఇదే మన సక్సెస్ స్టోరీ. నాగర్‌కర్నూల్‌లో ఫంక్షన్ హాల్ మాట్లాడాం. సన్మానం. మీరు రావాలి."

సన్మానమంటే కోడల్ని ఆటోలోంచి దింపిన బాలమణికే అయి ఉంటుందనుకున్నాను. వెళ్లాను.

హాల్లో పూల ఆర్చి, పెద్ద స్పీకర్లు. వేదిక మీద కుర్చీలు, బల్ల మీద లడ్డూల పెట్టెలు. అతిథుల మధ్య కుర్చీలో, మెడలో దండతో, ఆరెంపీ కూర్చున్నాడు.

మేనేజర్‌ను పక్కకు లాగాను. "వాడు ఇక్కడ ఎందుకున్నాడు?"

"లోకల్ హెల్త్ పార్ట్‌నర్ సార్. రేపు ఊళ్లల్లోకి పోవాలంటే వీళ్ల సంఘం సాయం కావాలి."

"ఆమెను చావడానికి ఆటోలో ఎక్కించాడు."

"మందు ఆయన బీరువాలోదే కదా? టెక్నికల్‌గా ఫస్ట్ రెస్పాండర్ ఆయనే." ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో సిగ్గు వెతికాను. లేదు. లడ్డూ నములుతున్నాడు.

వేదిక పక్కన బాలమణి, స్వరూప నిలబడి ఉన్నారు. కొత్త చీరలు కట్టుకొచ్చారు. నన్ను చూడగానే బాలమణి ముఖం వెలిగింది.

"వచ్చినవా సారూ. నువ్వు రమ్మన్నవని చెప్తేనే వచ్చినం. లేకుంటే పనిడిసి ఎందుకొస్తం?"

నేను రమ్మనలేదు. నా పేరు చెప్పి పిలిపించారు. ఆ మాట ఆమెకు చెప్పేలోపే కెమెరామన్ స్వరూపను వేదిక మీదికి తీసుకుపోయాడు. జరిగింది జరిగినట్టు చేసి చూపించాలట. ఎర్ర తివాచీ మీద పడుకోమన్నాడు.

"అత్తా, నాకు సిగ్గయితుంది," అంది స్వరూప. ఆ గొంతు నేను వినడం అది రెండోసారి.

"కాసేపేనమ్మా," అన్నాడు మేనేజర్. "సమాజం కోసం."

ఆమె పడుకుంది. కెమెరామన్ ఆమె చీర మోకాలి పైదాకా జరపమన్నాడు. బాలమణి వంగి తన కొంగు పరిచి కప్పింది. "కొంగు తీయండమ్మా, తొడ కనపడాలి." బాలమణి తీయలేదు. ఆరెంపీ లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. మేనేజర్ అతని చేతిలో ప్లాస్టిక్ పెన్ను పెట్టాడు. అతను దాన్ని కొంగు మీద నుంచే ఆమె తొడకు ఆనించి, కెమెరా వైపు తిరిగి నవ్వాడు. జనం చప్పట్లు కొట్టారు.

"ఇంకోసారి," అన్నాడు కెమెరామన్. "నోరు కొంచెం తెరవమ్మా. ఊపిరి ఆడనట్టు. కళ్లు తెరవొద్దు. కదలొద్దు."

నేను మెట్లెక్కాను. ఎవరో చెయ్యి పట్టి ఆపబోయారు, విడిపించుకున్నాను. బాలమణి అప్పటికే మైకు ముందుకు పోయింది.

"ఈన మెడల దండ ఎందుకేసిండ్రు? నా కోడలు సస్తుంటే మందు దాసిపెట్టుకున్నోడు! ఆటోల ఎక్కిచ్చి తోలిండు! గిదేం న్యాయం..."

స్పీకర్లలో పాట మొదలైంది. డప్పుల దరువు. ఆమె పెదవులు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. ముందు వరసల వాళ్లు నవ్వుతూ చప్పట్లు కొట్టారు. పాడుతోందనుకున్నారేమో. స్వరూప భుజం కింద చెయ్యి వేసి లేపాను. "లే బిడ్డా. ఇక చాలు." ఆమె లేచి చీర సర్దుకుంది. ముగ్గురం వెనక తలుపు గుండా బయటికి నడిచాం. డ్రైవర్ బండి స్టార్ట్ చేసి ఉంచాడు. ఎవరూ చెప్పలేదు, తనకే తెలిసింది.

వాళ్లిద్దరినీ ఊళ్లో దింపాం. దిగేటప్పుడు బాలమణి అడిగింది. "సారూ, నువ్వు పిలువలే కదా?"

"పిలవలేదమ్మా."

"నాకెర్కయింది," అంది. "నువ్వు పిలిస్తే గట్ల పండబెట్టనిస్తవా."

ఆ మాట మీదే నేను ఇంటికి రాగలిగాను. వనపర్తి బస్టాండు దగ్గర డ్రైవర్ నా ట్రంకు దింపాడు. "ఆయ్తు సార్," అన్నాడు. చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. సంస్థ టీషర్టు మా ఆవిడ గచ్చు తుడిచే గుడ్డ చేసింది.

సన్మానం వీడియో బయటికి వచ్చింది. మా కాలనీ గ్రూపులో కూడా ఎవరో పెట్టారు. బాలమణి లేదు అందులో. నేను లేను. ఆరెంపీ ఉన్నాడు, పెన్నుతో. కింద చేతులు జోడించిన గుర్తులు, పూల గుర్తులు.

ఆశా అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఊరిలో ఇప్పుడు సూది అంటే మందు పేరేంటని అడుగుతున్నారట. స్వరూప మోచేతి కింద ఆ రెండు మందుల పేర్లూ పచ్చబొట్టు పొడిపించారట, తెలుగు అక్షరాల్లో. సంతలో పచ్చబొట్లు పొడిచే ఆమె అంత పెద్ద పేర్లు ఏ దేవుళ్లవని అడిగిందట. నేను మా వీధిలో, చర్చి గదిలో, పిల్చిన చోటల్లా చెబుతూనే ఉన్నాను. బ్యానర్ లేకుండా. అది ఆపను.

కానీ జనం అడుగుతుంటారు, మిలిటరీలో చూసినవాటిలో ఏది మర్చిపోలేవని. మంచు గురించో, తుపాకుల గురించో చెబుతానని చూస్తారు. నాకు కళ్లముందు నిలిచేది ఆ వేదికే. తివాచీ మీద వెల్లకిలా పడుకున్న స్వరూప. లడ్డూల మీద ముసిరిన ఈగల్లో ఒకటి లేచి వచ్చి ఆమె పెదవి మీద వాలింది. పెదవి అంచు వెంట నడిచింది. తెరిచి ఉన్న నోటి దగ్గర ఆగింది. ఆమె రెప్పలు అదిరాయి. వేళ్లు తివాచీని గట్టిగా పట్టుకున్నాయి. చెయ్యి మాత్రం లేవలేదు. కదలొద్దని చెప్పారు కదా.